స్కానరు కొనబోయే ముందు



2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ నీట మునిగిన సంగతి మీకు తెలిసిందే. అక్కడ మా పిన్నిగారిల్లు కింది అంతస్తులో ఉంది. నీళ్ళు తీశాక మేము వెళ్ళేసరికి బియ్యం, పరుపులు, ఫ్రిజ్ అన్నీ పాడై ఉన్నాయి. వాటిని చూసి ఆవిడ కంట తడి పెట్టలేదు. బీరువా కింది అరలోంచి ఆల్బమ్ తీసి, ఒకదానికొకటి అతుక్కుపోయిన ఫోటోలు చూసినప్పుడు మాత్రం కూలబడిపోయింది. "సామాన్లు మళ్ళీ కొనుక్కోవచ్చునే, మా అమ్మ మొహం ఎక్కడ కొనుక్కోను?" అంది.

ఆ మాట నా చెవుల్లోంచి పోలేదు. ఇంటికి వస్తూనే మా బీరువాలో ఉన్న పాత ఫోటోలన్నీ కంప్యూటరులోకి ఎక్కించెయ్యాలని పట్టుబట్టాను. మా అబ్బాయి ఆన్‌లైనులో చూసి ఒక స్కానరు తెప్పించాడు. చూడముచ్చటగా ఉంది. ఒక వైపు కాగితం పెడితే చాలు, లోపలి రోలర్లు దాన్ని లాక్కుని రెండో వైపు వదిలేస్తాయి. కరెంటు బిల్లులు, పిల్లల మార్కుల జాబితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఇంకేం, అని మా అమ్మ ఫోటో తీశాను. పెళ్ళికి ముందు స్టూడియోలో తీయించుకున్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో. అదొక్కటే ఉంది.

కంప్యూటరులో చూస్తే అమ్మ చెంప పక్కనుంచి నిలువునా ఒక గీత వచ్చింది. నేను సరిగా పెట్టలేదేమో అనుకుని మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే గీత. మూడోసారి పెట్టాను. ఈసారి గీత తెర మీదే కాదు, చేతిలోకి వచ్చిన అసలు ఫోటో మీద కూడా ఉంది. నుదుటి నుంచి భుజందాకా సన్నగా గీరుకుపోయింది.

ఆ స్కానరు చెడ్డదని నేను ఇవాళ చెప్పబోవడం లేదు. కాగితాలకు అది మంచి యంత్రమే. నేను దాని చేత చెయ్యించిన పని దానిది కాదు. ఆ తేడా నాకు అమ్మినవాళ్ళూ చెప్పలేదు, కొన్న నేనూ అడగలేదు. మా అపార్టుమెంటులో వాకబు చేస్తే మరో నలుగురి ఇళ్ళల్లోనూ స్కానర్లు గుడ్డ కప్పుకుని మూలన కూర్చున్నాయని తెలిసింది. ఒకరికి బొమ్మ మసక. ఒకరికి కంప్యూటరు మార్చగానే స్కానరు పలకడం మానేసింది. ఒకరికి నెగెటివులు నల్లగా వచ్చాయి. ఒక్కొక్కరి కష్టం వెనకా ఒక్కొక్క కారణం ఉంది. అవేమిటో తెలుసుకుందాం.

ఇళ్ళల్లో వాడే స్కానర్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది నేను కొన్నలాంటిది, కాగితాన్ని లాక్కునేది. దీనిలో చూసే కన్ను కదలదు, కాగితమే దాని ముందునుంచి కదిలిపోతుంది. ఆ కన్ను మీది సన్నని గాజుపట్టీ మీద చిన్న దుమ్ము కణం పడిందనుకోండి. కాగితం పొడవునా ప్రతి చోటా అదే కణం అడ్డు వస్తుంది. చుక్కగా కనిపించాల్సిన దుమ్ము గీత అయి కూర్చుంటుంది. నా మొదటి గీత అదే. మెత్తని పొడిగుడ్డతో ఆ పట్టీ తుడిస్తే పోయేది! రెండో గీత వేరు. రోలరు దగ్గర ఇసుకరేణువు లాంటిదేదో ఉండి, ఫోటో మీది పూతను గీరింది. అది తుడిస్తే పోయేది కాదు. ఇటువంటి యంత్రాల్లో పాత ఫోటో పెట్టవలసి వస్తే, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపాలని చాలా కంపెనీలు చెబుతాయి. ఎక్కడ చెబుతాయి? పుస్తకం వెనక పేజీల్లో, చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో. నేను తరవాత చదువుకున్నాను.

రెండో రకం, జిరాక్స్ మిషను మాదిరి మూత ఎత్తి గాజుపలక మీద బోర్లించేది. దీన్ని ఫ్లాట్‌బెడ్ అంటారు. ఇందులో ఫోటో కదలదు, అడుగున కన్నే కదులుతుంది. ఫోటోకు రాపిడి ఉండదు. ఒక్కటే ఉన్న ఫోటోలకు, అంచులు విరిగినవాటికి, అమ్మమ్మల చేతిరాత ఉత్తరాలకు ఇదే తగినది.

ఐతే ఫ్లాట్‌బెడ్లలోనూ రెండు జాతులున్నాయి. తేలిగ్గా, పల్చగా, కంప్యూటరు తీగ నుంచే కరెంటు తీసుకునే వాటిలో సాధారణంగా సి.ఐ.ఎస్. అనే కన్ను ఉంటుంది. గాజుకు అంటుకున్నదాన్నే అది స్పష్టంగా చూస్తుంది. కాస్త పైకి లేచినా మసకే. లావుగా, బరువుగా ఉండేవాటిలో అద్దాలు, లెన్సు, సి.సి.డి. అనే కన్ను ఉంటాయి. ఇవి కొంచెం ఎత్తులో ఉన్నదాన్ని కూడా చూడగలవు. మందపాటి ఆల్బమ్ పేజీ, బ్యాంకు పాసుబుక్కు మధ్య మడత, వంకర తిరిగిన పాత ఫోటో మసగ్గా వచ్చాయంటే కారణం చాలాసార్లు ఇదే. కొనేముందు షాపులో ఒక లావుపాటి పుస్తకం తెరిచి గాజు మీద పెట్టించి, కుట్టు దగ్గర అక్షరాలు కనిపిస్తున్నాయేమో చూడండి. వాళ్ళేమీ అనుకోరు. అనుకున్నా ఫరవాలేదు.

ఇక పెట్టె మీద పెద్ద పెద్ద అంకెల సంగతి. డి.పి.ఐ. అంటే అంగుళం మేర ఎన్ని చుక్కలు అని. మనకు ముగ్గులు తెలుసు కదా, చుక్కలు పెరిగితే ముగ్గులో వివరం పెరుగుతుంది. కానీ ఆ అంకె రెండు రకాలుగా వేస్తారు. 'ఆప్టికల్' అని ఉన్నది యంత్రం కళ్ళారా చూసిన చుక్కల లెక్క. 'ఇంటర్‌పొలేటెడ్' అనో 'ఎన్‌హాన్స్‌డ్' అనో ఉన్నది, చూసిన రెండు చుక్కల మధ్య ఊహించి పెట్టిన చుక్కల లెక్క. మజ్జిగలో నీళ్ళు పోస్తే గిన్నె నిండుతుంది గాని పెరుగు పెరగదు. కాబట్టి 19,200 అని రాసి ఉంటే మురిసిపోకండి, 'ఆప్టికల్' ఎంతో అడగండి.

అసలు మనకెంత కావాలి? కాగితాలకు 300 చాలు. మామూలు ఫోటోలకు 600 చాలు. ఫోటో కాగితంలో అంతకు మించి వివరం ఉండడం అరుదు. నాలుగంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవున్న ఫోటోను 600లో తీస్తే 2,400 చుక్కలు ఇటు, 3,600 చుక్కలు అటు, మొత్తం 86 లక్షల పైచిలుకు చుక్కలు వస్తాయి. కుదించకుండా దాస్తే ఆ ఒక్క ఫోటోయే 26 ఎం.బి. దాకా తూగుతుంది. అందుకని అన్నిటికీ 1,200 పెట్టేస్తే కంప్యూటరు నిండడం తప్ప లాభం లేదు. మా పక్కింటి రాజ్యలక్ష్మిగారు వాళ్ళమ్మాయి ఉద్యోగం దరఖాస్తుకు ఫోటోను 1,200లో తీసి, "ఎక్కడం లేదు, స్కానరు పాడైంది" అని గోల పెట్టారు. ఆ దరఖాస్తులో ఫోటో 50 కె.బి. మించకూడదట! తప్పు స్కానరుది కాదు, కొలతది.

నెగెటివుల లెక్క దీనికి పూర్తిగా వేరు. మామూలు కెమేరా నెగెటివు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. అంత చిన్నదాన్ని 300లో తీస్తే సుమారు 425 చుక్కల పొడవే వస్తుంది. దానికి 2,400 అయినా కావాలి. పైగా వెలుతురు దాని వెనకనుంచి రావాలి. మూతలో దీపం లేని స్కానరులో నెగెటివు పెడితే నల్లగా కాక ఎలా వస్తుంది? నెగెటివులకని విడిగా అమ్మే చిన్న పెట్టెలున్నాయి. చవకవాటిలో చాలావరకు ఉండేది చిన్న కెమేరాయే. వాటినుంచి అద్భుతాలు ఆశించకండి.

మరో చిక్కు సిల్కు కాగితం ఫోటోలు. వెనకటి రోజుల్లో పెళ్ళి ఫోటోలు గరుకు గరుకుగా, తేనెపట్టు గళ్ళలాంటి కాగితం మీద వేసేవారు గుర్తుందా? స్కానరు దీపం ఆ గళ్ళ అంచుల మీద మెరిసి, బొమ్మంతా తెల్లటి చుక్కలు పరుచుకుంటాయి. ఎంత ఖరీదైన స్కానరైనా ఈ తంటా ఉంది. వీటిని కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట బల్లమీద పెట్టి, మంచి సెల్‌ఫోనుతో నిటారుగా పైనుంచి తీస్తే మెరుపు చాలావరకు తగ్గుతుంది. ఫ్రేములో గాజుకు అతుక్కుపోయిన ఫోటోల్ని కూడా ఊడబెరకకండి. గాజుతో సహా అలాగే తీయించండి. పీకారంటే మొహం గాజుకే ఉండిపోతుంది.

ఇక సాఫ్ట్‌వేరు. స్కానరుకు, కంప్యూటరుకు మధ్య దుబాసీ లాంటిది డ్రైవరు. కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు పాత స్కానరుకు కొత్త దుబాసీని కంపెనీ ఇవ్వకపోతే రెండింటికీ మాటలుండవు. యంత్రం నిక్షేపంగా ఉంటుంది, పని మాత్రం సున్న. అలా మూల పడ్డ స్కానరు మీ ఇంట్లో ఉంటే వెంటనే పాత సామాన్లవాడికి వెయ్యకండి. వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేరు చాలా పాత స్కానర్లను పలికిస్తుంది. దానికి డబ్బు కట్టాలి. ముందు ఉచితంగా పరీక్షించి, మీ స్కానరు పలికితేనే కొనండి. అలాగే 'కాగితాన్ని అక్షరాలుగా మార్చును' అని పెట్టె మీద ఉంటే, ఆ భాషల జాబితాలో తెలుగు ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మన ఒత్తులూ గుణింతాలూ చూసి అది పిచ్చిగీతలు రాసి ఇస్తుంది.

అసలు స్కానరు కావాలా అన్నది మరో ప్రశ్న. ఆధారు, డ్రైవింగు లైసెన్సు వంటివాటికి 2015లో మొదలైన డిజిలాకరు ఉంది. అందులో ప్రభుత్వ శాఖలే జారీ చేసిన పత్రాలకు అసలు పత్రంతో సమానమైన విలువ ఉంది. అప్పుడప్పుడూ ఒక కాగితం పంపాలంటే సెల్‌ఫోను చాలు. ఐతే ఏ యాప్ పడితే అది వేసుకుని భూమి పత్రాలు దానికి అప్పగించకండి. మనలో చాలామంది వాడిన క్యామ్‌స్కానర్‌ను 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వం మరో 58 యాప్‌లతోబాటు నిషేధించింది. పాతిక ముప్ఫై ఫోటోలే ఉంటే, మంచి ఫ్లాట్‌బెడ్ ఉన్న స్టూడియోకి మీరే తీసుకెళ్ళి, పక్కన కూర్చుని చేయించుకోవడం స్కానరు కొనడంకంటే చవక.

కొన్నారే అనుకోండి. పెట్టె, బిల్లు పారెయ్యకండి. వాపసు గడువు ఎన్నాళ్ళో ఆర్డరు చేసేముందే చదవండి. వచ్చిన రోజునే విప్పి, పోయినా ఫరవాలేదనుకునే ఫోటో ఒకటి, ఒక కాగితం, ఒక పుస్తకం పెట్టి చూడండి. అటక మీద పెట్టి సంక్రాంతి సెలవులకు విప్పితే గడువు దాటిపోతుంది. చెప్పినట్టు పనిచెయ్యకపోతే, అమ్మినవాళ్ళు వినకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కి ఫోను చెయ్యండి. అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న జిల్లాలోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు కొన్న వస్తువుకు ఫీజు లేదు. రెండేళ్ళలోపు ఇవ్వాలి, అంతే.

చివరిగా అమ్మ ఫోటో సంగతి. ఆరు నెలలు దాన్ని బయటికి తియ్యలేకపోయాను. తరవాత ఒక స్టూడియోలో గాజుపలక స్కానరు మీద తీయించాను. అక్కడి అబ్బాయి కంప్యూటరులో ఆ గీతను చెరిపి, ఏమీ జరగనట్టు చేసి ఇచ్చాడు. మా పిల్లలకు, పిన్నికి ఆ ప్రతులు పంపాను. అక్కచెల్లెళ్ళు ఇద్దరిదీ ఒకే మొహమేమో, పిన్ని దాన్ని చాలాసేపు చూసింది. "ఇందులో మా అమ్మ కూడా ఉందే" అంది.

అసలు ఫోటో మీది గీత మాత్రం అలాగే ఉంది. కవరులో పెట్టి బీరువా పై అరలో దాచాను. కంప్యూటరులోకి ఎక్కింది కదా అని అసలు ఫోటోలు పారెయ్యకండమ్మా. యంత్రాలు మారతాయి, మంచి కన్ను రేపు రావచ్చు. అప్పుడు చూపించడానికి మన దగ్గర ఫోటో ఉండాలి కదా.

సెలవు.