వేటకాని నిగ్రహం

మన సాహిత్యంలో వేటకాడు తొలుతనే దోషిగా కనిపిస్తాడు. క్రౌంచ మిథునంలో ఒకదానిని నేలకూల్చిన బోయవానిపై వాల్మీకి పలికిన శాపవాక్యమే ఆదికావ్యానికి బీజమయింది. అయినప్పటికీ అదే సాహిత్యం వేటను మురిపెంగా వర్ణించడమూ మానలేదు. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట, ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో తిన్నని వేట పాఠం చెప్పేటప్పుడు విద్యార్థుల కన్నులు మెరవడం పాతికేండ్లుగా చూస్తున్నాను. ఒకసారి ఒక విద్యార్థి లేచి, “చంపేవాడు తాను చంపేదానిని ప్రేమించగలడా, మాస్టారూ?” అని అడిగాడు. ఆనాడు ఏదో చెప్పి తప్పించుకొన్నాను. చాలకాలం తరువాత ఒక అమెరికా వేటకాని రచనలు చదువుతూ ఉండగా ఆ ప్రశ్న మళ్లీ ఎదురువచ్చి నిలిచింది.

ఆయన పేరు ఆల్డో లియోపోల్డ్. 1887లో అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి కార్ల్ వ్రాతబల్లలు చేయించి అమ్మే వ్యాపారి, గొప్ప వేటకాడు. పక్షులు గుడ్లు పెట్టడానికి తరలిపోయే వసంతకాలంలో వేట తగదని, చట్టం రాకముందే తనకు తానై కట్టడి విధించుకొన్న మనిషి. కొడుకు చేతికి తుపాకి ఇచ్చినప్పుడు ఆయన పెట్టిన నియమం ఒకటే: గ్రౌస్ పక్షిని చెట్టుమీద కూర్చుని ఉండగా కొట్టరాదు, ఎగిరేటప్పుడే కొట్టాలి. గ్రౌస్ అంటే మన కౌజుపిట్ట కుటుంబానికే చెందిన అడవిపక్షి. ఒక్కసారి రెక్కలు టపటపలాడించి లేచిందంటే రెప్పపాటులో చెట్లమాటున మాయమవుతుంది. పిల్లవాని కుక్కకు ఆ పక్షులను చెట్టెక్కించడం బాగా తెలుసు. కొమ్మమీది పక్షిని కొడితే గురి తప్పదు. ఎగిరే పక్షిని కొడితే గురి తగలదు. తప్పని గురిని వదలి, తగలని గురిని కోరుకోవడమే తాను నేర్చిన మొదటి నీతిపాఠమని లియోపోల్డ్ తరువాత వ్రాసుకొన్నాడు. చివరకొకనాడు ఎగిరే గ్రౌస్ ఒకటి కూలింది. అది పడిన నాచునేలమీద ఏ నీలిపూల మొక్క ఎక్కడ ఉన్నదో ఎన్నో ఏండ్ల తరువాత కూడ పటం గీసి చూపగలనన్నాడు. పక్షితోబాటు పక్షి బ్రతికిన నేల కూడ ఆ బాలుని మనస్సులో పడిపోయిందన్నమాట.

నీటిపక్షుల వేట వేరు, ఈ మెట్టపక్షుల వేట వేరు. ఇందులో మనిషికి ముందు నడిచేది కుక్క. పాయింటరు, సెట్టరు అనే జాతులు ఇందుకు ప్రసిద్ధమైనవి. గాలికి ఎదురుగా, పొలానికి అడ్డంగా అటూ ఇటూ పరుగెత్తుతూ కుక్క వాసన పడుతుంది. పొదలో నక్కిన పక్షి వాసన తగిలిన క్షణంలో ఆ పరుగు ఆగిపోతుంది. తోక చాచి, ముందుకాలు ఒకటి పైకెత్తి, ముట్టె పక్షివైపు పెట్టి, ఊపిరి తప్ప కదలిక లేకుండా నిలబడిపోతుంది. వేటాడే జంతువేదైనా దూకడానికి ముందు క్షణకాలం ఆగుతుంది. ఆ క్షణాన్ని మనుష్యులు తరతరాలుగా సాకి నిమిషాలకు పెంచారు, దూకడాన్ని మాన్పించారు. సెట్టరులైతే నేలకు కరచుకొని కూర్చునేవి. తుపాకులు రాకముందు వాటి మీదుగా పక్షులపై వల విసిరేవారట.

ఈ జాతి కుక్కపిల్ల ఎవరూ నేర్పకుండానే ఈకను చూచి నిలబడుతుంది. కాని పక్షి లేచినా, తుపాకి పేలినా కదలకుండా నిలిచి ఉండడం శిక్షణతో గాని రాదు. నిలవడం పుట్టుకతో వచ్చేది, నిలిచి ఉండడం చదువుతో వచ్చేది అని ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు. ఇంకొక వింత కూడ ఉన్నది. ఒక కుక్క పక్షిని పసిగట్టి నిలిస్తే, దూరంగా ఉన్న రెండవ కుక్క తనకు వాసన అందకపోయినా, మొదటిదానిని చూచి అది కూడ నిలిచిపోతుంది. తోటిదాని మాట నమ్మి తన ఆకలిని ఆపుకోవడం మనుష్యులలో ఎందరికి సాధ్యం?

కుక్క నిలిచిన తరువాత వేటకాడు నెమ్మదిగా ముందుకు నడిచి పక్షిని లేపాలి. అప్పుడు అతనికి దొరికేది ఒకటి రెండు క్షణాలు. పేల్చాలా వద్దా అని తేల్చుకోవలసింది ఆలోపలే. ఆటస్థలంలో అయితే చూచేవారుంటారు, తీర్పరి ఉంటాడు. అడవిలో వేటకానికి చప్పట్లు కొట్టేవారు లేరు, తప్పు పట్టేవారూ లేరు. అతని ప్రవర్తనకు అతని మనస్సాక్షియే తీర్పరి అని లియోపోల్డ్ అభిప్రాయం. పర్యవేక్షకుడు లేని పరీక్షా మందిరం వంటిదది. అక్కడ ఎవరు ఎట్లా వ్రాస్తారో, వారి చదువు అంతే.

లియోపోల్డ్ 1933లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వన్యప్రాణుల పోషణకు ఆచార్యుడయ్యాడు. 1935లో విస్కాన్సిన్ నది దాపున సారం పోయిన ఇసుకనేల కొని, కుటుంబంతో వెళ్లి వేలాది పైన్ మొక్కలు నాటాడు. ఆ పొలంలో వుడ్‌కాక్ అనే పొడుగు ముక్కు పక్షులుండేవి. ఏప్రిల్ మాసపు సంధ్యవేళ మగపక్షి సుళ్లు తిరుగుతూ ఆకాశానికెగసి, పాడుతూ నేలకు దిగుతుంది. ఆయన ఇంటిల్లిపాదీ ఆ నాట్యం చూచేవారు. శరత్కాలంలో ఆ పక్షినే వేటాడడం ఆయనకు మహాప్రీతి. కాని ఆ నాట్యం చూచిన నాటినుండి ఒకటి రెండు పక్షులు దొరికితే చాలుననిపించేదట. మళ్లీ ఏప్రిల్ వచ్చినప్పుడు ఆకాశంలో నర్తకులకు కొరత రాకూడదు గదా! చట్టం అనుమతించినా చేయి ఆగింది. ఆపినది భయం కాదు, ఎరుక.

అయితే తెలిసిన చోట ఆగడం ఒక ఎత్తు; తెలియని చోట జరిగే కీడు ఒక ఎత్తు. తూటా కథ చూడండి. ఈ వేటలో ఆరితేరినవారిలో పలువురు తూటాలు కొనరు. ఇంట బల్లముందు కూర్చుని తామే నింపుకొంటారు. ఖాళీ తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ, దానిపై మందు, ఆపైన అడ్డుబిళ్ల, అందులో సీసపు గుండ్లు, చివర మూత మడత. మందును గ్రెయినులలో తూస్తారు. పౌనులో ఏడువేలవ వంతు గ్రెయిను. మన కంసాలి త్రాసులోని గురివింద గింజ రమారమి రెండు గ్రెయినులు తూగుతుంది. 12 గేజి తుపాకి తేలిక తూటాకు 18, 20 గ్రెయినుల మందు, అంటే పది గురివింద గింజల ఎత్తు సరిపోతుంది. మోతాదు మించితే తుపాకియే పగలవచ్చు. 12 గేజి అన్న మాటకు అర్థం కూడ తూనికలోనే ఉన్నది: పౌను సీసాన్ని 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కొక్కటి ఆ గొట్టంలో సరిగా పడుతుందని.

ఇంత సూక్ష్మంగా తూచే మనిషికి కూడ లెక్కకందని దొకటున్నది. ఔన్సు సీసంలో ఏడున్నర నంబరు గుండ్లు సుమారు 350 పడతాయి. పక్షికి తగిలేవి కొన్నే, మిగిలినవన్నీ నేలపాలు. పక్షులకు దంతాలు లేవు గనుక అవి గింజలతోపాటు ఇసుకరాళ్లు మింగి, కండగల జీర్ణకోశంలో ఆ రాళ్లతో గింజలను నూరుకొంటాయి. నేలమీది సీసపు గుండు వాటికి గింజగానో రాయిగానో కనిపిస్తుంది. మింగిన సీసం అరిగి రక్తంలో చేరుతుంది. రెక్కలు వాలిపోతాయి; మేత ఎదుట ఉన్నా తిన్నది దిగక పక్షి కృశించి చస్తుంది. ఈ విషం సంగతి 19వ శతాబ్దం చివరనే వేటపత్రికలకెక్కింది. అమెరికా అంతటా నీటిపక్షుల వేటలో సీసాన్ని నిషేధించడానికి 1991 వరకు పట్టింది. డెన్మార్కు 1996లో సీసపు గుండ్లను పూర్తిగా మాన్పించింది. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2019 జులై 1 నుండి వేట ఏదైనా సీసం వాడరాదు. కాని మెట్టపక్షుల వేటలో అమెరికాలోని చాల రాష్ట్రాలు ఇంకా సీసాన్ని అనుమతిస్తూనే ఉన్నవి. ఉక్కు గుండ్లు తేలిక గనుక పరిమాణం పెంచాలి, తూటా నింపే పద్ధతి మార్చాలి. బిస్మత్ గుండ్లకు ఖర్చెక్కువ. చట్టం అడగకపోయినా ఆ శ్రమకు, ఖర్చుకు ఓర్చి మారేవాడే కార్ల్ పెట్టిన నియమానికి నిజమైన వారసుడని నాకనిపిస్తుంది. గురి తగిలిన గుండుకు వేటకాడు బాధ్యుడని అందరూ ఒప్పుకొంటారు. గురి తప్పిన గుండుకు కూడ బాధ్యుడనని ఒప్పుకోవడంలోనే ధర్మం ఉన్నది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, అది మంచికే. అయినా వేటకాని కన్నువల్ల మేలు జరిగిన ఉదంతం మన కడప సీమలోనే ఉన్నది. 1848లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు లోకానికి తెలిపిన కలివికోడి, 1900 తరువాత ఎవరికీ కనబడక అంతరించినదనిపించుకొన్నది. 1986లో పక్షిశాస్త్రజ్ఞులకు అది లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. చీకటిలో ఆ పక్షి మసలే తావులెరిగి వారికి తోడుపడినవారు స్థానిక వేటగాండ్రే. దాని రక్షణకోసమే తరువాత అక్కడ అభయారణ్యం వెలసింది.

లియోపోల్డ్ 1948లో పొరుగువాని పొలంలో గడ్డికంటుకొన్న మంటను ఆర్పబోయి, గుండె ఆగి మరణించాడు. ఆయన గ్రంథం మరుసటి సంవత్సరం వెలువడింది. ఆ విద్యార్థి ఇప్పుడెక్కడ ఉన్నాడో తెలియదు. కనిపిస్తే ఇట్లా చెబుతాను: చంపడంలో ప్రేమ లేదు, నాయనా. చేతిలో తుపాకి ఉండి, పక్షి ఎదుట ఉండి, చూచేవారెవరూ లేనప్పుడు ఆగిన చేతిలో ఉండవచ్చు.