సూరత్‌కు కమాండర్‌గా వెళ్లిన కమిషనర్

దేశ భద్రత అనగానే సరిహద్దులు, క్షిపణులు, యుద్ధనౌకలు గుర్తుకొస్తాయి. 1994 సెప్టెంబరులో సూరత్‌ను ఖాళీ చేయించినవి ఇవేవీ కావు. వానలు, వరదలు తగ్గాక బయటపడిన న్యుమోనిక్ ప్లేగు, దానికంటే వేగంగా పాకిన భయం ఆ పని చేశాయి. కొద్ది రోజుల్లోనే లక్షల మంది దొరికిన రైలో బస్సో పట్టుకొని ఊరు విడిచారు. టెట్రాసైక్లిన్ మాత్రలు దుకాణాల్లోంచి మాయమయ్యాయి. కొందరు ప్రైవేటు వైద్యులే తాళాలు వేసుకొని వెళ్లిపోయారు. రోగులు ఆసుపత్రి నుంచి పారిపోకుండా ర్యాపిడ్ యాక్షన్ ఫోర్స్‌ను కాపలా పెట్టాల్సి వచ్చింది. కొన్ని దేశాలు మన విమానాలను రానివ్వలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఆ ఏడాది దేశం మొత్తంమీద ప్లేగు మరణాలు 56. సంఖ్య చిన్నదే. కానీ ఒక్క తూటా పేల్చకుండా శత్రువు ఒక పారిశ్రామిక నగరాన్ని మూయించగలిగితే సైనికుడు దాన్ని ఓటమి అనే అంటాడు.

ఆ ఓటమి తర్వాత 1995 మే నెలలో సూరత్ మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన అధికారి ఒక తెలుగువాడు. ఆయన సూర్యదేవర రామచంద్రరావు, 1978 బ్యాచ్ గుజరాత్ కేడర్ ఐఏఎస్. అందరికీ తెలిసింది ఎస్.ఆర్. రావుగా. ఆయన శిక్షణ ముస్సోరీలో, మా శిక్షణ డెహ్రాడూన్‌లో. రెండూ ఒకే కొండ కింద ఒకటి, పైన ఒకటి. ఆయనతో కలిసి పనిచేసే అవకాశం నాకు రాలేదు. అయినా ఒకే ప్రభుత్వానికి యౌవనం ధారపోసి విశ్రాంతి తీసుకుంటున్న వారందరినీ సహోద్యోగులుగానే చూడటం మాకు అలవాటు. పైగా సూరత్‌లో ఆయన చేసిన పని చదువుతుంటే ఫార్మేషన్ కమాండర్ ఆపరేషన్ ఆర్డర్ చదువుతున్నట్టే ఉంటుంది.

ముందుగా ఆయన అధికారాన్ని కిందికి దించారు. నగరంలోని 6 జోన్లకు ఒక్కొక్కరిని బాధ్యుడిగా పెట్టి, ఖర్చు చేసే అధికారం, నిర్ణయం తీసుకునే అధికారం వాళ్లకే అప్పగించారు. చిన్న కాలువ మరమ్మతుకు కూడా ఫైలు ప్రధాన కార్యాలయం మెట్లెక్కి దిగే పద్ధతి పోయింది. తర్వాత కుర్చీల్లో ఉన్నవాళ్లను వీధిలోకి తోలారు. పొద్దున్నే అధికారులంతా తమ తమ ప్రాంతాల్లో తిరగాలి, కళ్లారా చూడాలి, మధ్యాహ్నం కూర్చొని అందరి ముందూ చెప్పాలి. దీనికి ఆయన పెట్టుకున్న ముద్దుపేరు 'ఏసీ నుంచి డీసీకి'. ఏసీ అంటే చల్లగది, డీసీ అంటే 'డైలీ చోర్స్', రోజువారీ చాకిరీ. మా యూనిట్లలో పొద్దున్నే లైన్లు తనిఖీ చేసే కమాండింగ్ ఆఫీసర్‌కు ఇది కొత్తగా అనిపించదు. మున్సిపాలిటీకి మాత్రం భూకంపమే.

ఇక్కడ రెండో ప్రపంచ యుద్ధం నాటి బర్మా రంగం గుర్తుచేయాలి. మన జవాన్లు పెద్ద సంఖ్యలో పోరాడిన 14వ సైన్యానికి జనరల్ స్లిమ్ అధిపతి. 1943లో గాయపడి వెనక్కి తరలించిన ఒక్కో సైనికుడికి 120 మంది చొప్పున జబ్బుపడి తరలాల్సి వచ్చిందని ఆయనే రాసుకున్నారు. మలేరియా మాత్రలు ఉన్నాయి, వాటిని మింగించేవాడే కరువు. స్లిమ్ ఆ బాధ్యతను డాక్టర్ల మీదినుంచి తీసి కమాండింగ్ ఆఫీసర్ల మీద పెట్టారు. హఠాత్తుగా తనిఖీలు చేయించి, మాత్రలు సరిగా మింగని యూనిట్ల అధిపతులను పదవుల్లోంచి తీసేశారు. ముగ్గురు పోయేసరికి మిగతావాళ్లు దారికొచ్చారు. రోగం వైద్యుడి సమస్య కాదు, నాయకత్వ సమస్య అని స్లిమ్ గ్రహించారు. సూరత్‌లో రావు కూడా సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టారు.

ప్రధాన రోడ్లను రాత్రిపూట ఊడిపించారు. చెత్త వేసినవాళ్ల దగ్గర రుసుము వసూలు చేశారు. శుభ్రత లేని హోటళ్లకు తాళాలు పడ్డాయి. మురికివాడల్లో సందులకు రాళ్లు పరిపించి, నీళ్లు, మరుగుదొడ్లు తెచ్చారు. అక్రమ కట్టడాల కూల్చివేత పలుకుబడి ఉన్నవాళ్ల దగ్గర మొదలైంది కాబట్టే జనం ఆయన వెంట నిలిచారని నా అంచనా. బుల్డోజర్ ముందుగా బడ్డీకొట్టు మీదికి వెళ్లే ఊళ్లలో ఇలాంటి మద్దతు దొరకదు. ఏడాదిన్నర తిరక్కముందే, 1996లో, ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా సూరత్‌ను పేర్కొంది. 1998లో రావుకు పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత ఆయన కేంద్ర వాణిజ్య కార్యదర్శి దాకా ఎదిగి పదవీ విరమణ చేశారు. అయినా ఆయన పేరు చెబితే ఢిల్లీ కంటే ముందు సూరతే గుర్తుకొస్తుంది.

మంచి కమాండర్ బదిలీ అయ్యాక యూనిట్ ఎలా నడుస్తుందో చూడాలంటారు మా పెద్దలు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో అత్యధిక భాగం మునిగింది. త్రివిధ దళాలు సహాయానికి దిగాయి. పడవలు, హెలికాప్టర్లు వెనక్కి వెళ్లాక మిగిలింది బురద, చచ్చిన పశువులు, 1994 జ్ఞాపకం. ఈసారి ఊరు పారిపోలేదు. నగరపాలక సిబ్బంది పారలు పట్టుకొని జోన్లవారీగా దిగారు. ప్లేగు రాలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇందోర్‌తో కలిసి సూరత్ దేశంలో మొదటి స్థానం పంచుకుంది.

లింబాయత్ వంటి పేటల్లో ఇప్పటికీ మన పద్మశాలి కుటుంబాలు బట్టల పనిలోనే ఉన్నాయి. వాళ్ల పిల్లల కోసం ఆ కార్పొరేషనే తెలుగు మాధ్యమ బడులు నడుపుతూ వచ్చింది.