అమీనుఖానుని చరిత్రము: పద్యసాక్ష్యము, శిలాసాక్ష్యము

కుతుబుషాహీలకాలమును గూర్చిన గ్రంథములందును, వానిపై విమర్శలందును పొట్లచెరువు ప్రభువైన అమీనుఖానుని గుఱించి రెండువిధములైన తీర్పులు వినవచ్చుచుండును. కొందఱకు ఆతఁడు మతసామరస్యమునకు మూర్తి. మఱికొందఱకు కవిచేఁ బొగడించుకొన్న సర్దారు మాత్రమే. ఇరుపక్షములవారును జూపు ముఖ్యసాక్ష్య మొక్కటియే: పొన్నికంటి తెలగన రచించిన యయాతిచరిత్రమునం దలి యవతారిక. ఒక్క సాక్షి రెండువాదములకును బనికివచ్చెనన్నచో, లోపము సాక్షియందుఁ గాక ప్రశ్న వేసినవారియందు వెదకవలసియుండును.

ముందుగా ఊరిమాట. సంగారెడ్డిజిల్లాలోని పటాన్‌చెరువు నేఁడు కర్మాగారములచేఁ బ్రసిద్ధము. పశ్చిమచాళుక్యుల శాసనములలో నెలవీడుగాఁ గానవచ్చు పొట్టలకెఱె యిదియే యని శాసనపరిశోధకులు గుర్తించిరి. కన్నడమునఁ గెఱె యనునదే తెలుగునఁ జెరువు. తెలగన పొట్లచెరువు నకు శాసనముల యాధార మిట్లు లభించుచున్నది.

అమీనుఖానుఁడు ఇబ్రహీం కుతుబుషా (1550–1580) కొలువులోనివాఁడు. ఆ సుల్తానునకే అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానము నంకిత మిచ్చెను. కావున తురకప్రభువునకుఁ దెలుగుకృతి యనుట ఆనాఁడు అపూర్వాశ్చర్యము కాదు. అపూర్వమైనది భాష. సంస్కృతసమములను విడిచి, తద్భవదేశ్యములతోనే నడచిన తొలి యచ్చతెలుఁగుకావ్య మిది. పండితులు దీనిని లక్షణదృష్టితోఁ జర్చించిరి గాని, చరిత్రకారునకు దీనివలనఁ గలుగు చిక్కును దఱచుగా విడిచిపుచ్చిరి. అచ్చతెలుఁగున వ్రాయు కవి పదవీనామములను ఱేఁడు, దొర వంటి సామాన్యపదములలోనికి మార్చుకొనవలసివచ్చును. అట్టి మాటను బట్టి ఖానుని యధికారమును నిర్ణయింపఁబూనుట సాహసము.

ఇఁక స్తుతి. కర్ణునితోడి పోలికలు, కీర్తి దిక్కులు దాఁటుటలు కావ్యమర్యాదలు. వానినుండి జీవితచరిత్ర పుట్టదు. కుటుంబము, దానధర్మములు మొదలగు వివరముల త్రోవ వేఱు. అవి కృతిపతిని నిత్యము చూచువారి సభలోఁ జదువఁబడును. అక్కడ లేనిదానము నున్నట్లు చెప్పిన నవ్వులపా లగునది కృతిపతియే.

పటాన్‌చెరువునఁ గల అమీనుఖానుని సమాధికడ పారసీశాసనము లున్నవి. ఫిలిప్ వాగొనర్ ‘అమీనుఖానుని తోఁట’ అను నర్థముగల శీర్షికతోఁ బ్రకటించిన యాంగ్లవ్యాసమున శాసనమును, గావ్యమును ప్రక్కప్రక్కన నుంచి, ఆ తోఁటను ధర్మసంస్థగాఁ జూపెను. ఈ పద్ధతి మెచ్చఁదగినది. మనలో శిల యనఁగానే సత్యమనియు, పద్యమనఁగానే కల్పన యనియు నొక నమ్మకము కలదు. శాసనమును దాతయే వ్రాయించును గదా! దానికిని బక్షపాతము తప్పదు. అయినను వేర్వేఱు భాషలలో, వేర్వేఱు శ్రోతలకై వెలసిన రెండు సాక్ష్యములు దానవిషయమున నేకీభవించినచో, ఆ భాగము విశ్వాసపాత్ర మగును. సామరస్యమను మాట మాత్రము మనకాలపుది. దానిని వారి నోటఁ బెట్టరాదు.

సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘికచరిత్ర (1949) కావ్యములనుండి జనుల తిండిని, గట్టును, ఆటలను వెలికిఁదీయుట నేర్పెను. ఈ సంగారెడ్డిజిల్లాలోనిదే యగు జోగిపేటలో 1930లో జరిగిన ప్రథమాంధ్రమహాసభకు వారే యధ్యక్షులు. రాజులకంటె ప్రజలను గూర్చి యేల యడిగిరో దీనివలనఁ గొంత బోధపడును. రచయిత రాజకీయ మెఱుఁగుట గ్రంథమును ద్రోసివేయుటకుఁ గాదు, ఆతని ప్రశ్న యెచ్చట మొలచెనో తెలియుటకు. కాని వారి పద్ధతి వర్ణనలకుఁ జక్కగా సరిపోవును. అంకితము పొందినవానిని బొగడు నవతారికకుఁ బైఁజెప్పిన జాగ్రత్త యంతయుఁ గావలెను.

అవతారికలోని యధికారవాచకములను, పారసీశాసనములలోని బిరుదములను ఒక్కొక్కటిగా సరిపోల్చిన పట్టిక పాఠశాలాపండితులకు మిక్కిలి యుపకరించును. సమాధి పటాన్‌చెరువుననే యున్నది, కావ్యము ముద్రితమే.