ఢిల్లీ ఇళ్ల రంగులు: ట్రెండ్ చెప్పేదొకటి, కాలం ఒప్పుకునేదొకటి

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లకు సున్నాలు, రంగులు వేసేది ఎక్కువగా సంక్రాంతికి ముందు. ఢిల్లీలో అదే హడావుడి దీపావళికి ముందు కనిపిస్తుంది. పైకి ఇది పండగ తేడాలా అనిపించినా అసలు కారణం వాతావరణం. సంక్రాంతి నాటికి మన దగ్గర వానలు వెనకబడి గోడలు పొడిగా ఉంటాయి. జనవరిలో ఢిల్లీలో రాత్రి ఉష్ణోగ్రత 7, 8 డిగ్రీలకు పడిపోతుంది, పొగమంచు కమ్ముకుంటుంది. నీటితో కలిపే ఎమల్షన్ రంగులు పది డిగ్రీల లోపు చలిలో సరిగా పొర కట్టవు. అందుకే రాజధాని ప్రాంతంలో ఇంటి అలంకరణకు చలికాలానికి ముందు దొరికే అనువైన సమయం నెలా నెలన్నర మాత్రమే. ‘ఈ ఏటి రంగు’ అంటూ కంపెనీలు చేసే ప్రకటనలన్నీ ఆ కొద్ది వారాల్లోనే గోడ మీదికి చేరాలి.

‘ఈ ఏటి రంగు’ ఎక్కడి నుంచి వస్తుంది?

ఏటా డిసెంబరులో అమెరికాకు చెందిన పాంటోన్ సంస్థ వచ్చే ఏడాది రంగును ప్రకటిస్తుంది. 2000 సంవత్సరానికి ఎంచిన సెరూలియన్ నీలంతో ఈ ఆనవాయితీ మొదలైంది. 2024కు లేత పీచు రంగు ‘పీచ్ ఫజ్’, 2025కు గోధుమ ఛాయ ‘మోకా మూస్’, 2026కు తెలుపు ఛాయ ‘క్లౌడ్ డాన్సర్’ ఎంపికయ్యాయి. మన దేశంలో ఏషియన్ పెయింట్స్ ‘కలర్‌నెక్స్ట్’ పేరుతో 2003 నుంచి ఇలాంటి అంచనాలే ఇస్తోంది. ఆ సంస్థ 2024కు మట్టి రంగు ‘టెర్రా’ను, 2025కు ముదురు ఎరుపు ఛాయ ‘కార్డినల్‌’ను ఎంచింది.

ఇది జోస్యమేమీ కాదు, వ్యాపార అవసరం. పరదాల బట్ట నేసేవారు, సోఫా గుడ్డకు అద్దకం వేసేవారు, రంగులు తయారుచేసేవారు నెలల ముందే సరకు సిద్ధం చేసుకోవాలి. అందరూ ఒకే రంగుల వరస మీద ముందుగా నడిస్తేనే దుకాణంలో దిండు గలీబుకు, గోడ రంగుకు, కార్పెట్‌కు పొంతన కుదురుతుంది. గ్రేటర్ నోయిడాలోని ఎక్స్‌పో మార్ట్‌లో ఏడాదికి రెండుసార్లు జరిగే హస్తకళల ఎగుమతి ప్రదర్శనలో విదేశీ కొనుగోలుదారులు ఇచ్చే ఆర్డర్లు ఈ లెక్క ప్రకారమే ఉంటాయి. ఎన్‌సీఆర్‌లోనే ఉన్న పానిపట్ మగ్గాలకు, ఖుర్జా పింగాణీ బట్టీలకు ఆ ఆర్డర్లే పని. అమెరికాలో ఒక రంగుకు గిరాకీ పెరిగితే, అదే రంగు దుప్పటి కొన్నాళ్లకు ఢిల్లీ బజారులోనూ కనిపించడం వెనక ఉన్న దారి ఇదే.

రంగుల దుకాణాల్లో టింటింగ్ యంత్రాలు వచ్చాక ట్రెండ్‌ల వేగం పెరిగింది. ఒకప్పుడు ప్రతి ఛాయనూ విడివిడి డబ్బాల్లో నిల్వ ఉంచాల్సి వచ్చేది. ఇప్పుడు తెల్లని మూల రంగులో చుక్కల లెక్కన వర్ణకాలు కలిపి కొన్ని నిమిషాల్లో వేల ఛాయల్లో ఏదైనా తయారుచేస్తున్నారు. కొత్త రంగును ప్రకటించడానికి కంపెనీకి అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. దాన్ని గోడకు వేయించే ఖర్చు మాత్రం ఇంటివారిదే.

ఢిల్లీకి సొంత రుతు సంప్రదాయం ఉంది

రుతువును బట్టి ఇల్లు మార్చడం ఉత్తరాదికి కొత్త కాదు. కాకపోతే పాతకాలంలో మారింది గోడ కాదు, బట్ట. వేసవిలో గుమ్మాలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు, కిటికీలకు వెదురు చిక్‌లు దించేవారు, నేల మీద తెల్లని దుప్పట్లు పరిచేవారు. చలికాలం రాగానే తివాచీలు, దూది రజాయిలు బయటికి వచ్చేవి. 45 డిగ్రీల ఎండకు, ఎముకలు కొరికే చలికి ఒకే గది సరిపోవాలంటే అంతకంటే చవకైన ఉపాయం లేదు.

ఇప్పుడు ఎన్‌సీఆర్ ఫ్లాట్లలో కనిపిస్తున్న పోకడలు కొంతవరకు ఆ పద్ధతికే దగ్గరవుతున్నాయి. కొన్నేళ్లు రాజ్యమేలిన బూడిద రంగు గోడలు, మెరిసే లామినేట్లు వెనక్కి తగ్గి మట్టి రంగులు, కేన్ అల్లిక కుర్చీలు, 1950-70 దశకాల ఇళ్లలోని మొజాయిక్ నేలలు మళ్లీ ఇష్టంగా మారుతున్నాయి. చండీగఢ్ ప్రభుత్వ కార్యాలయాల కోసం పియర్ జెన్నరే బృందం రూపొందించిన కేన్ కుర్చీలు విదేశీ వేలంపాటల్లో భారీ ధర పలికాక వాటి నకళ్లకు ఇక్కడా గిరాకీ వచ్చింది. తెలుగు నేతకూ ఇందులో చోటుంది. బాబా ఖడక్ సింగ్ మార్గ్‌లోని లేపాక్షి ఎంపోరియం ఢిల్లీవాసులకు పాత చిరునామాయే. పోచంపల్లి ఇక్కత్, మచిలీపట్నం కలంకారీ పరదాలు, వరంగల్ దర్రీలు, ఏటికొప్పాక లక్క వస్తువులు మట్టి రంగుల గదిలో చక్కగా ఇమిడిపోతాయి.

వానకు, పొగకు మధ్య

నైరుతి రుతుపవనాలు ఢిల్లీని వీడేది సాధారణంగా సెప్టెంబరు చివరి వారంలో. వానలో నానిన గోడ ఆరకముందే రంగు వేస్తే లోపలి చెమ్మ ఉప్పును పైకి తోస్తుంది, పెచ్చులు లేస్తాయి. దీన్నే ఇక్కడ ‘సీలన్’ అంటారు. గోడ ఆరి, పుట్టీ పెట్టి, రెండు పూతలు వేసేసరికి దీపావళి వచ్చేస్తుంది. పండగైన ఆరో రోజు ఛఠ్. రంగులు వేసే పనివారిలో చాలామంది బిహార్, తూర్పు ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవారే కాబట్టి ఛఠ్‌కు ఊరెళ్తారు. వారు తిరిగొచ్చేసరికి గాలి చెడిపోతుంది.

వాయు నాణ్యత సూచీ 400 దాటి ‘తీవ్ర’ స్థాయికి చేరితే గ్రాప్ మూడో దశ ఆంక్షలు అమల్లోకి వస్తాయి. 2024లో నవంబరు 15న, 2025లో నవంబరు 11న ఇవి మొదలయ్యాయి. నిషిద్ధ పనుల జాబితాలో కూల్చివేతలు, తవ్వకాలతో పాటు రంగులు, పాలిష్, వార్నిష్ పనులూ ఉన్నాయి. ఇంటి లోపల చేసుకునే చిన్నపాటి మరమ్మతులకే మినహాయింపు. గోడలు పడగొట్టి, టైల్స్ కోసి చేసే పెద్ద పనులు మధ్యలో ఆగిపోతే ఇంటివారికి అద్దె భారం, పనివారికి కూలి నష్టం. సుప్రీంకోర్టు ఆదేశాలతో 2024లో ఢిల్లీ ప్రభుత్వం భవన నిర్మాణ కార్మికులకు రూ.8 వేల చొప్పున ఇవ్వాల్సి వచ్చింది. అయితే అది నమోదైన కార్మికులకే. నాకాలో నిలబడి రోజు కూలికి బ్రష్ పట్టేవారిలో నమోదు కానివారికి ఆ సాయం అందదు.

తెలుపు మాట నిజమే, కానీ...

2026 రంగుగా తెలుపును ఎంచినప్పుడు అదీ ఒక రంగేనా అన్న విమర్శలు వచ్చాయి. ఢిల్లీకి మాత్రం తెలుపు కొత్త కాదు. గోడకు ఏ రంగు వేసినా పాతతరం దాన్ని ‘సఫేదీ’ అనే పిలుస్తుంది. సున్నం చవక, వెలుతురును వెనక్కి పంపుతుంది, గోడను గాలి పీల్చుకోనిస్తుంది. వేసవిలో డాబా పైకప్పుకు తెల్లపూత వేస్తే కింది గది వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఆధారపడింది ఈ సూత్రం మీదే.

గది లోపల లెక్క వేరు. చలికాలపు పొగమంచులో పగటి వెలుతురు బూడిద రంగులో ఉంటుంది. ఉత్తరం వైపు కిటికీ ఉన్న గదిలో నీలి ఛాయ ఉన్న తెలుపు మరింత చల్లగా, వెలవెలబోతూ కనిపిస్తుంది. పసుపు ఛాయ కలిసిన తెలుపు అక్కడ మేలు. ముదురు ఎరుపు, గోధుమ రంగులు ఎండ బాగా పడే గదిలో అందంగానే ఉంటాయి. వెలుతురు రాని రెండు గదుల ఫ్లాట్‌లో అవే రంగులు పగలు కూడా లైట్లు వేయిస్తాయి. ధూళి ఎక్కువగా ఉండే నగరంలో తెల్లగోడకు కడగడానికి వీలయ్యే ఎమల్షన్ తప్పనిసరి.

రంగులో ఏముందో చూడాలి

ఏ ఛాయ అన్నదాని కంటే ముఖ్యమైన ప్రశ్న డబ్బాలో ఏముందన్నది. కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం 2017 నవంబరు 1 నుంచి గృహ, అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదు. ఆ సమాచారం డబ్బా మీద ఉండాలి. పసుపు, ఎరుపు, నారింజ ఎనామిల్ రంగుల్లో మెరుపు కోసం సీసపు లవణాలు వాడటం పాత అలవాటు. తలుపులు, కిటికీ గ్రిల్స్‌తో పాటు తెలుగిళ్ల గడపకు వేసే పసుపు పెయింట్ కూడా ఈ కోవలోదే. పాకే పిల్లలు చేతులు పెట్టేది అక్కడే. సీసానికి సురక్షిత స్థాయి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

2017కు ముందు వేసిన ఎనామిల్‌ను ఉప్పుకాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇల్లంతా పరుచుకుంటుంది. తడిపి రుద్దడం, ఆ రోజుల్లో పిల్లలను, గర్భిణులను వేరే చోట ఉంచడం అవసరం. తలుపులు బిగించుకునే చలికాలంలో ఘాటైన ఆయిల్ పెయింట్ వేయిస్తే ఆవిరులు గదిలోనే నిలిచిపోతాయి. బయటి గాలి లోపలికి రానివ్వలేని నెలల్లో ఇది రెట్టింపు సమస్య.

ఇల్లు మార్చాలనుకునే వారికి నాలుగు జాగ్రత్తలు సరిపోతాయి. గోడ పనిని అక్టోబరులో కాకపోతే ఫిబ్రవరి చివర, మార్చిలో పెట్టుకోవడం; ఎంచిన రంగును రెండడుగుల మేర వేసి పగలు, రాత్రి దీపం వెలుగులో కూడా చూడటం; తలుపులకు, గడపకు సీసం పరిమితి రాసిన డబ్బానే అడగడం; అద్దె ఇల్లయితే ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ముందే చూసుకోవడం. అద్దె ఇంట్లో ఏటా మారాల్సినవి పరదాలు, గలీబులు, దర్రీలే. అవి ఇల్లు మారినా వెంట వస్తాయి.