కర్గీ రోడ్ నుంచి న్యూగినీ దాకా: భాషల చుట్టరికం ఎలా తేలుతుంది?

బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలు మార్గంలో కర్గీ రోడ్ అనే స్టేషన్ ఉంది. స్టేషన్ పేరు కర్గీ రోడ్, ఊరి పేరు మాత్రం కోటా. ప్లాట్‌ఫాం మీద ఎక్కువగా వినిపించేవి ఛత్తీస్‌గఢీ, హిందీ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి అప్పుడప్పుడు తెలుగూ చెవిన పడుతుంది. చుట్టూ ఉన్న పల్లెల్లో గోండులు ఉన్నారు. వాళ్ల పూర్వుల భాష గోండీ.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఛత్తీస్‌గఢీ, గోండీ రెండింటిలో తెలుగుకు బంధువు ఏది? పైపైన చూస్తే ఛత్తీస్‌గఢీయే అనిపిస్తుంది. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు అక్కడా ఇక్కడా బోలెడు. గోండీ సంభాషణ వింటే మనకు ఒక్క ముక్క కూడా అర్థం కాకపోవచ్చు. అయినా తెలుగుకు రక్తసంబంధం ఉన్నది గోండీతోనే. ఛత్తీస్‌గఢీ మనకు ఇరుగుపొరుగు మాత్రమే.

ఈ తేడాను ఎలా పట్టుకున్నారో తెలిస్తే, ప్రపంచంలోకెల్లా చిక్కుముడిగా ఉన్న మరో భాషా ప్రాంతం సంగతి కూడా అర్థమవుతుంది. అది న్యూగినీ. ఆ ఒక్క ద్వీపంలో, దాని చుట్టుపక్కల దీవుల్లో ఎనిమిది వందలకు పైగా ‘పాపువన్’ భాషలు ఉన్నాయి. మన ద్రావిడ భాషలన్నీ కలిపినా ముప్పైకి అటూ ఇటూ ఉంటాయి.

మాట కాదు, మార్పు చూడాలి

తెలుగు, తమిళం వంటి భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వాటికి వేరే మూలం ఉందని ఆధారాలతో చెప్పినవాడు మద్రాసులో పనిచేసిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్. 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఆ వాదన ఉంది. అరువు తెచ్చుకున్న మాటలను పక్కన పెట్టి సొంత ధాతువులను పోల్చడం ఆయన చేసిన పని. కాల్డ్‌వెల్ ప్రసిద్ధ గ్రంథం వచ్చింది ఆ తర్వాత నలభై ఏళ్లకు, 1856లో.

అయితే ఏ మాటలు సొంతం, ఏవి అరువు? అంకెలు సొంతమే కదా అనుకుంటాం. జష్‌పూర్, సర్గుజా వైపు మాట్లాడే కురుఖ్ కూడా ద్రావిడ భాషే. అందులో రెండు ‘ఏండ్’, మూడు ‘మూంద్’. ఐదుకు వచ్చేసరికి ‘పంచే’ అంటారు! అది ఆర్యభాషల నుంచి తెచ్చుకున్నది. బలూచిస్తాన్‌లోని బ్రాహుయీలోనైతే మూడు దాటగానే అరువు అంకెలే. కాబట్టి ఒకటీ అరా మాటలు కలిశాయనో కలవలేదనో తీర్పు చెప్పడం కుదరదు.

ఉత్త యాదృచ్ఛికం కూడా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మ్బబరం అనే భాష ఉండేది. అందులో కుక్కను ‘డాగ్’ అనేవారు. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నది కాదు, అచ్చంగా వాళ్ల మాటే. పొరుగు భాషలో ఉన్న ‘గుదగ’ అనే రూపమే అరిగి అలా మిగిలింది. ఫిజిక్స్ చదువుకున్న నాకు ఈ ఉదాహరణ చాలా ఇష్టం. ఒక్క రీడింగ్ చూసి గ్రాఫ్ గీయకూడదని ల్యాబ్‌లో ఎన్నిసార్లు తిట్లు తిన్నామో!

భాషావేత్తలు వెతికేది పోలికను కాదు, క్రమం తప్పని మార్పును. తెలుగు మాటల పక్కన ఉత్తరాది గోండీ మాటలు పెట్టి చూడండి. మన ‘ఆరు’ అక్కడ ‘సారుంగ్’. మన ‘ఐదు’ అక్కడ ‘సయ్యుంగ్’. ‘ఉప్పు’ను ‘సోవర్’ అంటారు. ‘ఇచ్చు’ అనే క్రియకు ధాతువు ‘సీ’. ఉప్పుకీ సోవర్‌కీ పోలికే లేదనిపిస్తుంది. కానీ నాలుగింటిలోనూ తెలుగు మాట అచ్చుతో మొదలైన చోట గోండీలో ‘స’ ఉంది. మూల ద్రావిడంలో ఇక్కడ ‘చ’ వంటి ధ్వని ఉండేదని, ఈ మాటల్లో తెలుగు దాన్ని పూర్తిగా పోగొట్టుకుందని, గోండీ ‘స’గా దాచుకుందని పండితుల నిర్ణయం.

మజా ఏమిటంటే, గోండీ లోపలే ఈ కథంతా కనిపిస్తుంది. ఉత్తర, పశ్చిమ మాండలికాల్లో ‘సోవర్’. వేరే మాండలికాల్లో అదే ‘హోవర్’. మరికొన్ని చోట్ల ‘ఓవర్’. ‘స’ బలహీనపడి ‘హ’ అయింది, ఆ ‘హ’ కూడా రాలిపోయింది. కాలంలో జరిగిన మార్పు మ్యాప్ మీద మెట్లుమెట్లుగా పరుచుకుని ఉంది. మన భద్రిరాజు కృష్ణమూర్తి దీన్ని లోతుగా పరిశీలించారు.

తెలుగు తమిళం పక్కన కాకుండా గోండీ, కువి, కొండ భాషల జట్టులో నిలబడుతుందని 1961 నాటి తన గ్రంథంలో నిరూపించింది కూడా ఆయనే. ఒక ఆధారం చూద్దాం. తమిళంలో ‘ఇరండు’, తెలుగులో ‘రెండు’, గోండీలో ‘రండ్’. మొదటి అచ్చు తన చోటు వదిలి హల్లు వెనక్కి వెళ్లింది. తమిళ ‘ఉరల్’ మనకు ‘రోలు’, ‘అవన్’ మనకు ‘వాడు’ అయినదీ ఇలాగే. ఇటువంటి మార్పును కలిసి పంచుకున్న భాషలు కొంతకాలం ఒకే ఇంట్లో పెరిగాయన్న మాట.

పేరుంది, కుటుంబం లేదు

ఇక న్యూగినీకి వెళ్దాం. ‘పాపువన్’ అనేది ద్రావిడం లాంటి కుటుంబం పేరు కాదు. తైవాన్ నుంచి మడగాస్కర్ దాకా, హవాయి దాకా వ్యాపించిన ఆస్ట్రోనేషియన్ కుటుంబం ఒకటుంది. న్యూగినీ తీరాల్లో దానికి చెందిన భాషలూ ఉన్నాయి. వాటికి చెందని భాషలు కూడా అక్కడ ఉన్నాయని 1890లలో సిడ్నీ రే గుర్తించాడు. అలా మిగిలిన వాటికి పెట్టిన పేరే పాపువన్. ఇంట్లో సామాను సర్దుతూ, ఎందులోనూ ఇమడని వాటిని ఒక డబ్బాలో పడేసి ‘ఇతరాలు’ అని రాసినట్టు. 2018లో వచ్చిన ఒక ప్రామాణిక గ్రంథం ఆ డబ్బాలో 40కి పైగా వేర్వేరు కుటుంబాలు, ఏ కుటుంబానికీ చెందని 30కి పైగా ఒంటరి భాషలు ఉన్నాయని లెక్క వేసింది.

వీటన్నింటినీ ఒకే కుటుంబంగా చూపాలని ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. 1971లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ పాపువన్ భాషలతో పాటు మన అండమాన్ భాషలను, టాస్మేనియా భాషలను కూడా కలిపి ‘ఇండో పసిఫిక్’ అని ప్రకటించాడు. అందులో పైపై పోలికలే తప్ప క్రమమైన ధ్వని మార్పులు లేవు. భాషావేత్తలు అధిక సంఖ్యలో దాన్ని ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే సరైనదని నా అభిప్రాయం కూడా.

గట్టిగా నిలబడిన ప్రతిపాదన ‘ట్రాన్స్ న్యూగినీ’. 1970లో మెకెల్హానన్, ఫోర్హూవ్ దీన్ని ముందుకు తెచ్చారు. 1975లో స్టీఫెన్ వుర్మ్ దాదాపు ఐదు వందల భాషలను అందులో చేర్చేశాడు. అప్పుడు అనుమానాలు మొదలయ్యాయి. 2005లో మాల్కం రాస్ సర్వనామాలను పట్టుకుని మళ్లీ మొదటి నుంచి లెక్క చూశాడు. ‘నేను’, ‘నువ్వు’ అనే మాటలను భాషలు తేలిగ్గా అరువు తెచ్చుకోవు. బ్రాహుయీలో అంకెలు అరువైనా ‘నీ’ మాత్రం ‘నీ’గానే ఉంది కదా. మూల ట్రాన్స్ న్యూగినీలో ‘నేను’కు ‘న’, ‘నువ్వు’కు ‘గ’ అనే రూపాలు ఉండేవని రాస్ ఊహించాడు. ఆ జాడ ఉన్న భాషలను ఒక జట్టు చేశాడు. కానీ ఒక్క అక్షరం ఉన్న మాటలు యాదృచ్ఛికంగా కలిసే అవకాశం ఎక్కువ. అందుకే ఈ కుటుంబం హద్దులపై వాదన ఇప్పటికీ తెగలేదు.

ఎందుకింత కష్టం? మొదటిది కాలం. మూల ద్రావిడం వయసు సుమారు 4,500 ఏళ్లని 2018లో ఒక కంప్యూటర్ విశ్లేషణ అంచనా వేసింది. న్యూగినీలో మనుషులు దాదాపు 50 వేల ఏళ్లుగా ఉన్నారు. ధ్వని మార్పుల పద్ధతి సుమారు 8 నుంచి 10 వేల ఏళ్లు దాటి వెనక్కి చూడలేదు. అంతకంటే పాత చుట్టరికాలు ఉన్నా వాటి గుర్తులు చెరిగిపోతాయి. రెండోది సమాజం. ఊరికొక భాష, మనిషికి మూడు నాలుగు భాషలు రావడం, పొరుగు భాషవాళ్లతో పెళ్లిళ్లు. మాటలు అటూ ఇటూ ప్రవహిస్తూనే ఉంటాయి. కొన్ని తెగల్లో చనిపోయినవాళ్ల పేరును, ఆ పేరులాంటి మాటలను పలకకూడదన్న ఆచారం ఉంది. అప్పుడు మామూలు మాట స్థానంలో కొత్తది తెచ్చుకోవలసిందే. మూడోది రాతప్రతుల లేమి. మనకు శాసనాలున్నాయి. అక్కడ చాలా భాషలకు చేతిలో ఉన్న ఆధారం కొన్ని వందల మాటల జాబితా మాత్రమే.

ఆ మూడో కష్టం కర్గీ రోడ్ దాకా కూడా వస్తుంది. గోండు జనాభా కోటికి పైగా ఉన్నా, 2011 జనగణనలో గోండీ తమ మాతృభాష అన్నవాళ్లు 30 లక్షల లోపే. బిలాస్‌పూర్ చుట్టుపక్కల గోండులలో చాలామంది ఛత్తీస్‌గఢీలోకి మారిపోయారు. తెలుగు పోగొట్టుకున్న ఆ పాత ధ్వని ‘స’ రూపంలో ఇంకా మిగిలి ఉన్నది ఉత్తర, పశ్చిమ మాండలికాల్లో. హిందీ, ఛత్తీస్‌గఢీల ఒత్తిడి బలంగా ఉన్నదీ ఆ ఉత్తరాదిలోనే. అక్కడ ఒక అవ్వ ‘సారుంగ్’ అని లెక్కపెడుతుంటే, పక్కనున్న మనవడు అదే అంకెను హిందీలో చెబుతాడు.