తవుడుతో పోతున్న మెగ్నీషియం

బియ్యం మిల్లులో ఒకవైపు మల్లెపూవులాంటి బియ్యం సంచుల్లోకి జారుతుంటే, ఇంకోవైపు గొట్టం కింద లేత గోధుమరంగు పొడి వెచ్చవెచ్చగా కుప్పపడుతుంది. అదే తవుడు. ఆ తెలుపు కోసం మనం ఎంత వదులుకుంటున్నామో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు చెబుతాయి. వంద గ్రాముల ముడిబియ్యంలో మెగ్నీషియం దాదాపు 94 మిల్లీగ్రాములు. పాలిష్ పట్టాక మిగిలేది 19. తక్కినది గేదెల కుడితిలోకో నూనె మిల్లుకో పోతోంది.

పెద్దవాళ్ల ఒంట్లో ఉండే మెగ్నీషియమంతా కలిపినా పాతిక గ్రాములే. అందులో సగానికి పైగా ఎముకల్లో ఉంటుంది. కానీ 300కు పైగా ఎంజైములు దాని సాయం లేనిదే పనిచేయవు. తిన్న అన్నం నుంచి పుట్టే శక్తిని కణాలు ఏటీపీ రూపంలో వాడుకుంటాయి; ఆ ఏటీపీ మెగ్నీషియంతో జతకూడాకే అక్కరకొస్తుంది. బిగిసిన కండరం సడలాలన్నా, గుండె లయ తప్పకుండా కొట్టుకోవాలన్నా అదే కావాలి.

రక్తద్రవంలో ఉండేది మాత్రం ఒక శాతం కూడా కాదు. అందుకే రక్తపరీక్షలో అంకె బాగానే కనిపించినా లోపల నిల్వలు తరిగి ఉండవచ్చు. షుగర్ అదుపులో లేనివారు, విరేచనాలు ఎంతకీ తగ్గనివారు, మద్యం మానలేనివారు, కొన్ని రకాల గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి మింగేవారు జాగ్రత్తపడాలి. నీరసం, తిమ్మిర్లు, పిక్కలు పట్టేయడం, గుండెదడ లోటుకు గుర్తులు. అయితే పిక్కలు పట్టేసిన ప్రతిసారీ కారణం ఇదేనని అనుకోకూడదు.

ప్రసూతి వార్డుల్లో ఈ ఖనిజం ప్రాణాలే కాపాడుతోంది. బీపీ పెరిగిన గర్భిణికి వచ్చే మూర్ఛలను మన పెద్దలు గుర్రపువాతం అనేవారు. మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే ఆ ముప్పు సగానికి పైగా తగ్గుతుందని 33 దేశాల్లో పదివేల మంది గర్భిణులపై జరిగిన మ్యాగ్‌పై అధ్యయనం 2002లో తేల్చింది.

మామూలు మనిషికి ఇంజెక్షన్లు, మాత్రలు అక్కర్లేదు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 146 మిల్లీగ్రాములు, జొన్నల్లో 133, సజ్జల్లో 124 ఉన్నాయి. సీమ సంగటి, తెలంగాణ జొన్నరొట్టె ఊరికే బలమివ్వలేదు! ఆకుకూరల పచ్చదనానికి కారణమైన పత్రహరితం నడిమధ్యన ఉండేదీ మెగ్నీషియం పరమాణువే. కూరకు గుమ్మడికాయ తరిగేటప్పుడు గింజలు పారేయకండి. ఎండబెట్టి వేయించుకుంటే పప్పు కమ్మగా ఉంటుంది, మెగ్నీషియమూ దండిగా అందుతుంది.

మాత్రల డబ్బా కొనేముందు మాత్రం ఒక్కమాట. ఒంట్లో ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేవి కిడ్నీలే. వాటికి జబ్బున్నవారు డాక్టరును అడగకుండా ఆ మాత్రలు వేసుకోవద్దు.