పాత ఇనుము రేటుకి అమ్మేద్దామనుకున్నాం... హైదరాబాద్ మ్యూజియాలు చూసొచ్చాక!

మాది చోడవరం. మా చిన్నాన్నకి అక్కడ ముప్పై ఏళ్లుగా వెల్డింగ్ షెడ్డు ఉంది. చెరకు బళ్ల రిపేర్లు, ట్రాక్టర్ తొట్లు, ఇళ్ల గేట్లు, కిటికీ ఊచలు... ఊళ్లో సగం ఇనుము ఆయన చేతిమీదుగా వెళ్లిందే. ఈమధ్య చూపు మసకబారింది. అందుకే షెడ్డు మూసేద్దామని ఇంట్లో అందరం కలిసి నిర్ణయించాం. నిజం చెప్పాలంటే ఆయన్ని ఎవరం గట్టిగా అడగలేదు. షెడ్డులో సామానంతా ఫొటోలు తీసి, పాత ఇనుము కొనే అతనికి వాట్సాప్ చేసింది నేనే. రెండు వేలు అడ్వాన్స్ తీసుకున్నదీ నేనే. సోమవారం వ్యాన్ వస్తుంది.

ఈలోగా ఆయన కళ్లు చూపించడానికి హైదరాబాద్ తీసుకెళ్లాను. గురువారం సాయంత్రం అనకాపల్లిలో గోదావరి ఎక్కితే తెల్లారేసరికి నాంపల్లి. శుక్రవారమంతా ఆసుపత్రిలోనే గడిచిపోయింది. ఒక కంటికి శుక్లం, ఆపరేషన్‌తో సరిపోతుందన్నారు. వెల్డింగ్ మాత్రం ఇక మానేస్తే మంచిదన్నారు. చిన్నాన్న తలూపాడు. ఏమీ మాట్లాడలేదు.

మసక కళ్లతో హుస్సేన్ సాగర్

సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద కూర్చున్నాం. కళ్లలో వేసిన చుక్కల మందు ఇంకా దిగలేదు. నల్లద్దాలు పెట్టుకుని నీళ్లకేసి చూస్తూ, "ఆ తెల్లగా కనిపిస్తున్నది బుద్ధుడేనా?" అని అడిగాడు.

ఫోన్ తీసి నాకు తెలిసింది చెప్పడం మొదలెట్టాను. ఈ చెరువు 1562 నాటిది, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టారు. అంటే 1591లో కట్టిన చార్మినార్ కంటే పెద్దది. ఆ విగ్రహం ఏకశిల, బరువు 350 టన్నులు. 1990 మార్చిలో నీళ్ల మీద తీసుకెళ్తుండగా ప్రమాదం జరిగి కొందరు చనిపోయారు, విగ్రహం మునిగిపోయింది. రెండేళ్లకు పైగా అడుగునే ఉండిపోతే, పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారు.

"అంత బరువుంటే వదిలేద్దాం అనుకోలేదన్నమాట" అన్నాడు చిన్నాన్న. అప్పట్లో ఆ మాట నాకు తగల్లేదు.

గంట కొట్టే బొమ్మ

శనివారం పాతబస్తీకి వెళ్లాం. ముందు సాలార్‌జంగ్ మ్యూజియం. ఇందులో వస్తువులు చాలా వరకు ఒక్క మనిషి సేకరించినవే. ఆయన మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. 1949లో ఆయన పోయాక, 1951లో నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియం మొదలైంది. మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనంలోకి 1968లో మారింది.

మేలిముసుగు రెబెకా దగ్గర చిన్నాన్న చాలాసేపు నిలబడిపోయాడు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. ముసుగు కూడా రాయే. అయినా లోపలి ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది. "రాయికి గుడ్డెలా కప్పేడ్రా?" అన్నాడు మెల్లగా.

పన్నెండు కాబోతుంటే జనమంతా సంగీత గడియారం ముందుకొచ్చి కూర్చున్నారు. గంట అవ్వగానే గడ్డం బొమ్మ ఒకటి బయటికొచ్చి, ఎంతయితే అన్నిసార్లు గంట కొట్టి లోపలికెళ్లిపోతుంది. అందరం దాన్నే వీడియో తీస్తున్నాం. చిన్నాన్న మాత్రం పక్కనున్న ఇంకో బొమ్మని చూస్తున్నాడు. అది కమ్మరి బొమ్మ. సెకనుకోసారి సుత్తి వేస్తూనే ఉంటుంది. "గంట కొట్టినోడికి చప్పట్లు. వీడు మాత్రం రోజంతా కొడతానే ఉన్నాడు పాపం" అన్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బీరువాల వీధి

అక్కణ్ణుంచి దగ్గర్లోనే పురానీ హవేలీ, నిజాం మ్యూజియం. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ రజతోత్సవాలప్పుడు వచ్చిన కానుకలు ఇక్కడున్నాయి. వెండి నమూనాలు, అత్తరు డబ్బాలు, వేడుకల కోసం చేసిన సింహాసనం... ఒక్కోటీ ఒక్కో కథ.

నాకు బాగా నచ్చింది మాత్రం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల గది. గది అనకూడదేమో, వీధి అనాలి. రెండు అంతస్తుల్లో, అటూ ఇటూ వందకు పైగా టేకు బీరువాలు. వేసిన బట్టలు మళ్లీ వేసేవాడు కాదని చెప్పుకుంటారు. పైకి వెళ్లడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. చిన్నాన్న బట్టల్ని పట్టించుకోలేదు. లిఫ్టు కింద వంగి, తాడు ఎటు తిరుగుతుందో చూశాడు.

ఇక్కడి బంగారు టిఫిన్ బాక్స్ కథ వినే ఉంటారు. 2018 సెప్టెంబరులో దొంగలు వెంటిలేటర్‌లోంచి దిగి దాన్ని ఎత్తుకెళ్లారు. కొద్దిరోజుల్లోనే పోలీసులు పట్టుకున్నారు. ఈలోగా దొంగల్లో ఒకడు అందులోనే అన్నం తిన్నాడని పోలీసులు చెప్పారు! నిజాం కూడా అందులో తిని ఉండడని జోకులు పేలాయి. ఈ కథకి మాత్రం చిన్నాన్న గట్టిగా నవ్వాడు. రెండ్రోజుల్లో అదే మొదటిసారి.

తుక్కుతోనే అన్నీ

చివరికి బహదూర్‌పురాలో, జూ పార్కుకి దగ్గర్లో ఉన్న సుధా కార్స్ మ్యూజియం. కె. సుధాకర్ సొంతంగా తయారుచేసిన బళ్లతో 2010లో పెట్టింది. బర్గర్ కారు, కెమెరా కారు, ఫుట్‌బాల్ కారు, స్నూకర్ టేబుల్ కారు. మహిళా దినోత్సవం కోసం చేసిన హైహీల్ చెప్పు కారు, హ్యాండ్‌బ్యాగ్ కారు. చూడ్డానికి బొమ్మల్లా ఉన్నా నిజంగా నడిచే బళ్లు. ఎక్కువ భాగం తుక్కు సామానుతో చేసినవే. 2005లో ఆయన తొక్కిన మూడు చక్రాల సైకిల్ ఎత్తు 41 అడుగుల పైమాటే. ప్రపంచంలోనే పెద్దదని గిన్నిస్ వాళ్లు రికార్డు ఇచ్చారు.

నేను రీల్ తీస్తూ తిరుగుతుంటే చిన్నాన్న కనపడలేదు. వెతికితే, ఒక కారు పక్కన గొంతుకూర్చుని అతుకుల మీదకి చూపు ఆనించి ఉన్నాడు. ఒక కన్ను మూసి, రెండో కన్ను దగ్గరగా పెట్టి.

"అతుకు బాగుంది. మన షెడ్డులో చేసినట్టే ఉంది."

తర్వాత కాసేపాగి, నావైపు చూడకుండానే అడిగాడు. "నీ తొక్కుడు బండి కూడా ఫొటో పంపేవేట్రా ఆ పాతినపోడికి?"

పంపాను. ఆరేళ్లప్పుడు నాకోసం ఆయన చేసిన బండి అది. పాత సైకిల్ చక్రాలు, స్కూటర్ హ్యాండిల్, విరిగిన కుర్చీ సీటు. ఫొటోల్లో అది పదకొండోది. కింద నేను రాసిన మాట కూడా గుర్తుంది: 'తుప్పు, తూకానికే.'

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను.

"పంపాను చిన్నాన్నా."

"సరే" అన్నాడు. అంతే.

మీరూ వెళ్తారా?

శుక్రవారం మాత్రం వెళ్లకండి, సాలార్‌జంగ్, నిజాం మ్యూజియం రెండూ మూసేస్తారు. పొద్దున సాలార్‌జంగ్‌తో మొదలుపెట్టి పన్నెండింటి గంట చూసి, తర్వాత పురానీ హవేలీ, చివర సుధా కార్స్ పెట్టుకుంటే ఒక్క రోజులో మూడూ అయిపోతాయి. ఇంకో రోజుంటే హుస్సేన్ సాగర్ వైపు రండి. నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. 44 అడుగుల పొడవు, మన గోదావరి లోయలోని యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టింది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ కూడా ఉంది. మేం ఆ రెండింటికీ వెళ్లలేకపోయాం, రాత్రి రైలుంది.

సోమవారం

వ్యాన్ చెప్పిన టైముకే వచ్చింది. నేను అడ్వాన్స్ రెండు వేలు తిరిగిచ్చేశాను. అతను నాలుగు మాటలన్నాడు, పడ్డాను. పెట్రోలు ఖర్చు కూడా అడిగితే ఇచ్చాను.

చిన్నాన్న ఇక వెల్డింగ్ చెయ్యడు. అందులో మార్పు లేదు. మిషను, కట్టరు పక్కూరి కుర్రాడొకడికి ఇచ్చాడు. మిగిలిన తుక్కులో సగం నిజంగానే తుక్కు, అది ఆయనే స్వయంగా ఏరి అమ్మేశాడు. తొక్కుడు బండి మాత్రం షెడ్డు మధ్యలో ఉంది. తుప్పు నేను గీకాను, నూనె ఆయన వేశాడు.

సుధా కార్స్‌లో ఉన్నట్టు దీనికీ బోర్డు ఉండాలన్నాను. ఆయన చెప్తుంటే అట్టముక్క మీద రాశాను.

'తయారీ: చోడవరం. ముడిసరుకు: దొరికింది. గరిష్ఠ వేగం: పిన్ని కర్ర పట్టుకుని తరిమినంత.'

వచ్చే నెల ఆపరేషన్. కట్టు విప్పాక ఆ బోర్డు ఆయనే చదువుతాడట. తప్పులుంటే దిద్దుతానన్నాడు.